వ్రేళ్ల విద్యకు వేఱు సరుకు

మగ్గమును, కండెయు లేక కేవలము వ్రేళ్ల నేర్పుచేతనే సాగు అల్లికవిద్య మనకెంత సన్నిహితమైనదో తెలియుటకు పల్లెటి నులకమంచమును, మన బాలికల మూడుపాయల జడను జూచిన జాలును. 1900వ సంవత్సరమున హౌరాకు దారి కలిసి మహాకూడలియైన ఖరగ్‌పూరునకు, బెంగాల్ నాగపూర్ రైల్వే కొలువుల నాశ్రయించి ఉత్తరాంధ్రమునుండి తరలివచ్చిన కుటుంబములతోపాటు ఈ విద్యయు వచ్చినది. కాని పెరటిచెట్టున లభించు నారయు, ఈతాకును రైల్వే క్వార్టర్లకు వెంటరాలేదు.

దక్షిణదేశమున ఇల్లిల్లును జేరిన ప్లాస్టిక్ వైరు ఆ లోటును దీర్చినది. వైరును సమముగా గత్తిరించి, ఒక్కొక్క పోగును నడుమకు మడిచి, చుట్టనుండి వచ్చు వైరుతో వరుసగా ముడివైచుచు బుట్టకు అడుగు గట్టి, పిదప దానిచుట్టును దిరుగుచు ప్రక్కలను లేపవలయును. నారకు గరుకుదనము గలదు గావున ముడి తనంతట నిలుచును. వైరు నునుపైనదియు, మడిచినచోట మరల నిటారుగా లేచునదియు నగుటచే, ప్రతి ముడియందును బిగువు సమముగా లేనిచో బుట్ట యొకవైపున కొరగును. నేర్చుకొను పిల్లకు ఇంతకన్న కఠినుడగు ఉపాధ్యాయుడు లేడు.

పరాయి సరుకుతో సంప్రదాయము చెడునని కొందఱు పెద్దలు చింతింతురు. ఏ పాయను ఏ పాయమీదుగా నడపవలెను, ఎచ్చట బిగించి యెచ్చట వదలవలెను అను తెలివియే సంప్రదాయమని మా యభిప్రాయము. అయినను ప్లాస్టిక్ మట్టిలో గలియదను నింద నిజమే. అందుకు మందు చెంతనే యున్నది: ఝాడ్‌గ్రామ్ వైపు సబాయి గడ్డితో త్రాళ్లు పేనుదురు, సబంగ్ ప్రాంతమున, నూలు పడుగునకు మాదుర్‌కాఠి పుల్లలను పేకగా జేర్చి నేయు చాపలకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించినది.

2020 డిసెంబరున బెంగాల్ మంత్రివర్గము తెలుగునకు అధికారభాషా గౌరవమును సమ్మతించినది. భాషకు చోటు దొరకిన ఈ గడ్డపై, తెలుగు బడులు వారమున కొక గంటను చేతివిద్యకు గేటాయింపవలెనని మా మనవి. వైరుపై నారితేరిన పిల్లకు సబాయి త్రాటి నిచ్చినచో, గరుకు క్రొత్తదైనను నడక తెలిసినదే గావున ఆమె వెనుదీయదు. ఆ తరగతికి కావలసిన సామగ్రియు స్వల్పమే: కూర్చుండుటకొక చాప, రెండు చుట్టల త్రాడు, ఓపికతో నేర్పగల యొక పెద్దామె.