అపవాది – ఎషు: ఒక శబ్దం చెప్పే కథ

హీబ్రూ పవిత్రగ్రంథాన్ని ఆఫ్రికా ఖండపు దేశీయ మతసంప్రదాయాలతో జోడించి చదివే ప్రయత్నాలు తరచుగా పరమేశ్వరుని పేరుతో మొదలవుతాయి. అక్కడా సృష్టికర్త ఒక్కడే, ఇక్కడా ఒక్కడే అని సామ్యం చూపి తృప్తి చెందుతాయి. ఈ మార్గం ఫలవంతం కాదని నా అభిప్రాయం. ఒక చిన్న పాత్రను, అందునా ఒక్క శబ్దాన్ని పట్టుకొని చూస్తే అసలు సంగతి తెలుస్తుంది.

ఆ శబ్దం 'సాటాన్'. ఎదిరించువాడు, నేరం మోపువాడు అని దాని అర్థం. సంఖ్యాకాండం 22వ అధ్యాయంలో బిలాము దారికి అడ్డు నిలిచిన దేవదూత విషయంలోనే ఈ మాట ప్రయుక్తమైంది. యోబు గ్రంథంలోను, జెకర్యా 3వ అధ్యాయంలోను ఇది నిర్దేశక ఉపపదంతో కనిపిస్తుంది. అనగా వ్యక్తి పేరు కాదు, పదవి పేరు. దేవసభలో నిలిచి, యోబు భక్తి నిష్కామమా అని ప్రశ్నించి, అనుజ్ఞ పొంది పరీక్షించే అధికారి అతడు. సమూయేలు రెండవ గ్రంథం 24వ అధ్యాయంలో దావీదును జనసంఖ్య తీయించుటకు పురికొల్పినది యెహోవా కోపం. అదే కథ దినవృత్తాంతముల మొదటి గ్రంథం 21వ అధ్యాయంలో వచ్చేసరికి ఆ పని సాతానుది. అక్కడ ఉపపదం లేదు. ఈ చిన్న వ్యాకరణభేదం వెనుక ఎంత మతచరిత్ర ఉన్నదో శబ్దశాస్త్రం చదివినవారికి చెప్పనక్కరలేదు. గ్రీకు అనువాదకులు యోబులోని ఈ మాటను 'డయబొలోస్' అన్నారు.

19వ శతాబ్దిలో బైబిలు యొరుబా భాషలోకి వచ్చింది. ఆ కృషికి సారథ్యం వహించిన సామ్యూల్ అజయి క్రౌథర్, 1864లో బిషప్ అయినవాడు, స్వయంగా యొరుబావాడే. ఆ అనువాదంలో డయబొలోస్‌కు 'ఎషు' అనే పేరు నిలిచిపోయింది. ఎషు ఎవరు? కూడళ్లలో, సంతలలో నెలకొన్న దేవత. మానవులిచ్చే బలిని దేవతలకు చేర్చేవాడు; ఇచ్చినవారిని, ఇవ్వనివారిని గమనించేవాడు. చిలిపివాడు, కలహప్రియుడు కూడ. (మనకు నారదుడు గుర్తుకు రావచ్చు; ఆ పోలికను అంతటితో ఆపుట మంచిది.) దైవవిరోధి మాత్రం కాడు. బబలావోలు ఏండ్ల తరబడి గురుముఖతః కంఠస్థం చేసే ఇఫా వాఙ్మయం 256 ఒడులుగా విభక్తమై ఉంది. ఆ కథలలో అతడు లేనిదే బలి గమ్యం చేరదు.

ఇందులోని వైచిత్రి ఇది: డయబొలోస్ కంటె, దాని వెనుకనున్న హీబ్రూ అధికారికే ఎషు దగ్గరివాడు. ఇద్దరూ దైవవ్యవస్థకు లోబడిన పరీక్షకులు. అయితే ఇద్దరూ ఒక్కటే అనరాదు. యోబులోని అధికారికి పూజ లేదు, బలిలో భాగం లేదు. ఎషుకు రెండూ ఉన్నాయి. కాని అనువాదఫలితంగా ఆ దేవతను కొలిచేవారు తమ భాషలోనే సైతానును కొలిచేవారుగా వినబడుతున్నారు. ఇది నిఘంటువుతో తీరే చిక్కు కాదు.

తెలుగు బైబిలులో యోబు కథలోని ఈ పాత్రను 'అపవాది' అన్నారు. ధాత్వర్థం నిలిచింది, ఏ స్థానిక దేవత పేరునూ అరువు తీసుకోలేదు. అక్కడ మన గ్రామదేవతలలో ఒకరి పేరు ఉండి ఉంటే, నేడు ఆ దేవత జాతర ఎట్లా ఉండేదో ఊహించవచ్చు.

ఇట్టి తులనను మొత్తంగా శంకించినవాడు ఉగాండా పండితుడు ఒకోట్ పి బిటెక్. ఆఫ్రికా దేవతలకు పరాయి వస్త్రాలు తొడుగుతున్నారని 1970లో వెలువడిన గ్రంథంలో ఆక్షేపించాడు. మిమ్మల్ని సృష్టించినది ఎవరని మతప్రచారకులు అడుగగా, అచోలి వృద్ధులకు ఆ ప్రశ్న బోధపడలేదట. మిమ్మల్ని మలచినది ఎవరని మార్చి అడుగగా, రుబంగ అన్నారట. వెన్నెముక వ్యాధితో మనిషిని గూనివానిగా మలచే శక్తి రుబంగ. ఆ పేరే దేవుని పేరైంది. ఈ ఆక్షేపణ బలమైనదే. కాని అది తులనను నిషేధించదు, మూలభాషలు తెలియని తులనను నిషేధిస్తుంది. ఆదికాండం 2వ అధ్యాయంలో మనిషి సృష్టికి వాడిన హీబ్రూ క్రియ కుమ్మరి మలచుటకు చెప్పేదే. ఆ సంగతి తెలిసినవాడు అచోలి వృద్ధులను అడిగే ముందు, ఆ భాషలో మలచేవారు ఎవరెవరో, వేటిని మలుస్తారో విని ఉండేవాడు.