మంచు కాదండీ, నీళ్ళు!

డిసెంబరు వస్తే చాలు, ఇక్కడ బే ఏరియాలో మనవాళ్ళకి ఒక జబ్బు పట్టుకుంటుంది. న్యూజెర్సీలోనో షికాగోలోనో నాలుగేళ్ళుండి ఇటు మారినవాళ్ళకి మరీనూ. "ఇదీ ఒక చలికాలమేనా? అక్కడైతే పొద్దున లేచేసరికి అంతా తెల్లగా..." అని లంచ్ టేబుల్ దగ్గర నిట్టూర్పులు. ఆ తెల్లటి మంచులోంచి కారు తవ్వుకుంటూ తిట్టుకున్న తిట్లు మాత్రం ఎవరికీ గుర్తుండవు. పోనీండి, ఉండొచ్చిన చోటి మీద బెంగ ఎవరికైనా ఉంటుంది. నా గొడవ అది కాదు.

మంచంటే వీళ్ళకి ఒట్టి ఫోటో. అదీ నా గొడవ.

మాది రాయచోటి. మా వైపు నుంచి కంప్యూటర్ల కోసం ఇటొచ్చినవాళ్ళ కంటే కూలి కోసం కువైట్ పోయినవాళ్ళే ఎక్కువ కనిపిస్తారు. వేడి దేశం అంటే అదీ! 2016 జులై 21న అక్కడి మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది. ఆ ఎండలోంచి ఇంటికి ఫోన్ చేసి వాళ్ళు అడిగేదేమిటో తెలుసా? "వానొచ్చిందా? చెరువులోకి నీళ్ళొచ్చినాయా?" బెంగంటే అలా ఉండాలి.

మనకి మంచు పడకపోవడమేంటండీ? శాన్ హోజే వీధుల్లో పడదు, అంతే. సియెరా నెవాడా కొండల మీద పడుతుంది. చలికాలమంతా అక్కడే గడ్డకట్టి కూర్చుని, ఎండలు ముదిరేకొద్దీ కొంచెం కొంచెంగా కరిగి కిందికి దిగుతుంది. కాలిఫోర్నియా వాడుకునే నీళ్ళలో దాదాపు 30 శాతం ఈ మంచువే. కట్ట కట్టకుండా, తూము పెట్టకుండా దొరికిన చెరువన్నమాట. 2015 ఏప్రిల్ 1న గవర్నర్ జెర్రీ బ్రౌన్ మంచు కొలిచేచోట నిలబడితే కాళ్ళ కింద ఎండుగడ్డి ఉంది. ఆ రోజుకి రాష్ట్రం మొత్తమ్మీద మంచు మామూలులో 5 శాతం. ఊళ్ళలో నీటి వాడకం 25 శాతం తగ్గించమని అక్కడికక్కడే ఆర్డరు. మంచు లేదని బెంగపడాల్సిన రోజంటే అది! ఆ ఏడు మనవాళ్ళ బాధంతా లాన్ ఎండిపోయిందనీ, తాహోలో స్కీయింగ్ లేదనీను.

రాయచోటికి ఆ తెల్లచెరువు లేదు. మాండవ్య నది వంతెన మీంచి చూస్తే ఏడాదిలో చాలా నెలలు ఇసుకే. పడే నాలుగు వానల్ని పట్టి ఉంచడానికి మా పెద్దలకి తెలిసిన ఉపాయం చెరువొక్కటే. మా పాత కడప జిల్లాలోనే పోరుమామిళ్ళ చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. మంచి చెరువుకి పన్నెండు అంగాలు, తగలకూడని దోషాలు ఆరు, పనికి రోజూ వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ళు అని రాతి మీద చెక్కించారు. (నా సర్వీసులో ఇంత శుభ్రమైన స్పెసిఫికేషన్ ఒక్కటీ చూడలేదు!)

అలాంటి చోట మనం ఏం చేశాం? చెరువుల్ని పూడిపోనిచ్చాం, వాగుల్లో ఇళ్ళు లేపాం, ఇక్కణ్ణించి డాలర్లు పంపి వెయ్యి అడుగుల బోర్లు వేయించాం. ఒకడి బోరు ఎండితే పక్కవాడు ఇంకో రెండొందల అడుగులు దింపుతాడు. ఊరికి పోయినప్పుడు గుడికి ఆర్చి, బడికి గేటు, దాని మీద మన పేరు. పూడిక తీయించడానికి చందా అడగండి, "అది గవర్నమెంటు పని కదా" అంటారు. ఆర్చి మాత్రం ఏ శాఖ పనండీ?

సియెరా మీద ఇవాళ మంచులో ఎన్ని అంగుళాల నీళ్ళున్నాయో ఇక్కడి ప్రభుత్వం రోజూ లెక్క చెప్తుంది, ఫోన్లోనే చూసుకోవచ్చు. ఈసారి తాహో వెళ్ళేముందు ఒకసారి చూడండి. చూశాక ఇంటికి ఫోన్ చేసి, మీ ఊరి చెరువులో ఎన్ని అడుగులున్నాయో కూడా అడగండి.