సాగనంపడానికేనా విమానాశ్రయం?

శంషాబాదు విమానాశ్రయం మన ఆడవాళ్ళకు ఎందుకు తెలుసు, చెప్పండి? ఆవకాయ సీసాకు మూడు కవర్లు చుట్టి, పెట్టెను నాలుగుసార్లు తూచి, అద్దాల తలుపు ఇవతల నిలబడి కొంగుతో కళ్ళొత్తుకోవడానికి! 2008 మార్చిలో తెరిచిన నాటి నుంచి నల్లగొండ, మహబూబ్‌నగర్ తల్లులకు అది సాగనంపే గుమ్మమే. చుట్టాలు దిగే గుమ్మం ఎప్పుడవుతుందన్నదే నా గొడవ.

కరేబియన్ సముద్రంలో, డొమినికన్ రిపబ్లిక్‌లో పుంటా కానా అని ఒక చోటుంది. అక్కడ హోటళ్ళు కట్టినవాళ్ళే 1980లలో సొంతంగా అంతర్జాతీయ విమానాశ్రయం కూడా కట్టుకున్నారు. ఇసుకనూ సముద్రాన్నీ చూపించి లోకాన్ని రప్పించుకున్నారు. మనకు విమానాలు గడప ముందే దిగుతున్నాయి. అక్కణ్ణించి పాలమూరుకు తిన్నగా బెంగుళూరు రోడ్డుంది. అయినా ఎవరైనా అడిగితే, "మా దిక్కు సూడనీకి ఏమున్నదమ్మా?" అంటాం.

ఏమున్నదా? ఆలంపురంలో తుంగభద్ర ఒడ్డున చాళుక్యుల నవబ్రహ్మ ఆలయాలున్నాయి. సాగర్‌లో లాంచీ ఎక్కితే, మునిగిపోయే లోయలోంచి తరలించి కొండమీద మళ్ళీ నిలబెట్టిన బౌద్ధ కట్టడాలున్నాయి. పిల్లలమర్రి ఉంది. 2018లో దానికి చెదలు పడితే, జబ్బుమనిషికి పెట్టినట్టు కొమ్మలకు సెలైన్ సీసాలు కట్టి మందెక్కించారు! పాత నల్లగొండ జిల్లాలోని పోచంపల్లిని 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థే ఉత్తమ పర్యాటక గ్రామాల్లో చేర్చింది. మనం మాత్రం అక్కడి చీర కట్టుకుని, మగ్గం చూడకుండానే గడిపేస్తాం.

సర్కారు చేయాల్సింది లేదనను. వేళకు బస్సు, తాగడానికి మంచినీళ్ళు, ఆడవాళ్ళు జంకకుండా వెళ్ళగలిగే మరుగుదొడ్డి ఉండాలి. అవి అడగాల్సిందే. కానీ మన సంగతేమిటి? మనుమలు అమెరికా నుంచి దిగగానే నగరంలో పెద్ద బజారుకు తీసుకెళ్ళి, ఎస్కలేటర్ ఎక్కించి, ఐస్‌క్రీము తినిపిస్తున్నాం. అవి వాళ్ళ ఊళ్ళో లేవూ?

పాలమూరంటే వలస కూలీ అనే పేరు పడింది. కడుపు చేత పట్టుకుని మనవాళ్ళు ఊరూరా ప్రాజెక్టులు కట్టి వచ్చారు. చూడవచ్చే మనుషులుంటే ఆటో నడిపే పిల్లవాడికి, జొన్నరొట్టె చేసే అక్కకు ఉన్న ఊళ్ళోనే నాలుగు రూపాయలు దొరకవా?

ఈసారి పిల్లలు దిగితే కారును నగరం వైపు కాదు, పాలమూరు వైపు తిప్పించండి. ఇంటివాళ్ళమే చూడని ఇంటికి చుట్టాలెట్లా వస్తారు?