పాత ఇంటికి పొయ్యే ప్రాణం

విజయవాడ నుంచి ఏ వైపు జాతీయ రహదారి పట్టినా పల్లె పేరుతోనో, అమ్మమ్మ వంట పేరుతోనో హోటళ్లు కనిపిస్తాయి. గుమ్మం పక్కన ఎడ్లబండి చక్రం, ఫైబరుతో పోతపోసిన రోలు, టేకని భ్రమపడేలా రంగు వేసిన ప్లైవుడ్ స్తంభాలు ఉంటాయి. పళ్లెంలో అరిటాకు బొమ్మ అచ్చేసిన కాగితం పరుస్తారు. అక్కడికి పిల్లల్ని తీసుకొచ్చే తల్లిదండ్రుల కోరిక నిజమైనది. తాము పెరిగిన ఇంటినీ, తిన్న తిండినీ బిడ్డలకు చూపించాలనుకుంటారు. ఆ కోరికను నేను గౌరవిస్తాను. దానికి దక్కాల్సింది ఫైబరు రోలు కాదన్నదే నా బాధ.

నేను సివిల్ ఇంజినీరుని. పాత ఇళ్లు బాగుచేయడం నా వృత్తి. కోనసీమలో మండువా లోగిలిలో పుట్టాను. నాలుగు వైపుల నుంచి పెంకు కప్పు లోపలికి వాలుతుంది. మధ్యలో ఆకాశం. వాన వస్తే నాలుగు చూరుల నీళ్లూ మండువాలో పడి, తూములోంచి పెరట్లోకి పోతాయి. ఎండాకాలంలో వేడిగాలి ఆ ఖాళీలోంచి పైకి పోతుంటే, చుట్టూ ఉన్న వసారాల్లోకి పెరటి చెట్ల గాలి వస్తుంది. గోడలకు గానుగ సున్నం. ఇసుకా సున్నమూ గానుగలో తిప్పి, కరక్కాయ నానిన నీళ్లూ బెల్లమూ కలిపి వాడేవారు. నాకు పని నేర్పిన మేస్త్రి గారు ఇప్పటికీ ఒకటే మాట అంటారు: “సిమెంటు పూస్తే గోడకి ఊపిరాడదండి. లోపలి చెమ్మ బయటికి రాలేక గోడనే తినేస్తదండి.” ఆయన మాట అక్షరాలా నిజం. సున్నపు గోడకు సిమెంటు పూసిన ప్రతిచోటా కొన్నేళ్లకే ఉప్పు పొంగి, పెచ్చులు ఊడటం చూస్తూనే ఉన్నాను.

ఈ లోగిళ్లు ఇప్పుడు వేగంగా పోతున్నాయి. వారసులు హైదరాబాద్‌లోనో, అమెరికాలోనో ఉంటారు. ఏటా వానలకు ముందు పెంకులు సర్దించే మనిషి ఉండడు. ఒక పెంకు జారితే నీళ్లు వాసం మీద పడతాయి, వాసం పుచ్చితే దూలం, దూలం వంగితే గోడ. ఈలోగా కలప వ్యాపారి వస్తాడు. టేకు స్తంభాలకు, చెక్కిన ద్వారబంధాలకు వెల కట్టి, విప్పి, లారీకి ఎత్తిస్తాడు. వాటిలో కొన్ని నగరం చివర రిసార్టులో అలంకారంగా తేలతాయి. ఊళ్లో ఇల్లు కూలగొట్టి, ఆ ముక్కలతో నగరంలో పల్లె వాతావరణం తయారుచేయడాన్ని సంరక్షణ అని పిలవడం నాకు కష్టంగా ఉంది.

పాత ఇంటిని మ్యూజియం చేసి తాళం వేసినా అది బతకదు. ఇల్లు నిలవాలంటే రోజూ ఊడవాలి, తలుపులు తీయాలి, పొయ్యి వెలగాలి. వంటింటి పొగ పట్టిన వాసాలకు పురుగు పట్టదని మా ఊళ్లో అందరికీ తెలుసు. నిత్యం మనుషులు తిరగాలి, మరమ్మతు ఖర్చు ఆ ఇల్లే సంపాదించుకోవాలి. ఈ రెండూ ఒకేసారి జరిపించగల వ్యాపారాల్లో భోజనశాలను మించింది లేదు. అందుకే నా వాదన ఇది: మన ప్రాంతీయ గృహ నిర్మాణాన్ని కాపాడుకునే మంచి దారి, ఆ ఇళ్లలోనే ఆ ప్రాంతపు తిండి వండి పెట్టడం.

ఇది కొత్త ఆలోచనేమీ కాదు. అహ్మదాబాద్ శివార్లలో 1978లో ఇంటీరియర్ డిజైనర్ సురేంద్ర పటేల్ ‘విశాల’ అనే భోజనశాల పెట్టారు. గుజరాతీ పల్లె తరహాలో మట్టి గోడలు, పేడ అలికిన నేలలు, లాంతరు వెలుగు. అతిథులు కింద కూర్చుని, పొట్టి బల్లల మీద ఆకుల్లో తింటారు. ఆయన అక్కడితో ఆగలేదు. స్టీలు వచ్చాక జనం ఇత్తడి, రాగి, కంచు పాత్రల్ని తూకానికి అమ్మేస్తుంటే, అవి కరిగిపోకముందే సేకరించారు. 1981లో అదే ఆవరణలో ‘వేచార్’ అనే పాత్రల మ్యూజియం తెరిచారు. అందులో నాలుగు వేలకు పైగా పాత్రలున్నాయి. విశాల ఇళ్లు పాతవి కావు, కొత్తగా కట్టినవే. అయినా దాన్ని నేను గౌరవిస్తాను. గోడ మట్టితోనే కట్టారు, నేల నిజంగానే అలికారు. వస్తువు మారకపోతే దాన్ని చేసే చేతికి పని దొరుకుతుంది.

కారైకుడిది ఇంకో దారి. చెట్టినాడు వర్తకులు బర్మా టేకు స్తంభాలతో కట్టుకున్న భవనాలు వ్యాపారాలు చెదిరిపోయాక దిక్కులేనివయ్యాయి. ఎన్నో ఇళ్ల స్తంభాలు, తలుపులు ఆ ఊళ్లోనే మునీశ్వరన్ కోవిల్ వీధిలోని పాతసామాన్ల కొట్లకు చేరాయి. ఆ పరిస్థితిలో మీనాక్షి మెయ్యప్పన్ తమ కుటుంబపు అతిథి గృహాన్ని 1999లో ‘ది బంగళా’ పేరుతో హోటలుగా తెరిచారు. ఇంటి వంటవాళ్లు ఇంటి వంటే వండారు, అరిటాకులో వడ్డించారు. ఆ భోజనం కోసమే దేశదేశాల నుంచి జనం కారైకుడి వెళ్తున్నారు. తర్వాత మరికొన్ని భవనాలు అదే బాట పట్టాయి. గాజు పలక మీద రంగులు పోసి, పైన ఇసుకా సిమెంటూ వేసి చేసే ఆత్తంగుడి పలకలకు మళ్లీ గిరాకీ వచ్చింది. 2014లో చెట్టినాడు గ్రామాలు యునెస్కో తాత్కాలిక జాబితాకు ఎక్కాయి. మన మండువా లోగిళ్లకు ఆ పాటి పట్టించుకునే వాళ్లు ఎందుకు ఉండకూడదు?

ఇల్లు లేకుండా తిండిని మాత్రం కాపాడితే చాలదా అని కొందరు అడుగుతారు. చాలదు. మా పెరటి వసారాలో ఓ మూల దాలి ఉండేది. పిడకల నిప్పు మీద పాలు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కాగి, ఎర్రబడి, పైన మందపాటి మీగడ కట్టేవి. ఉలవలు ఉడికించి పశువులకు పెట్టాక మిగిలిన కట్టు కూడా అదే నిప్పు మీద గంటల తరబడి మరిగి ఉలవచారయ్యేది. గ్యాసు మీద అరగంటలో చిక్కబరచడానికి పిండి కలిపితే ఆ రంగు వస్తుందేమో, ఆ రుచి రాదు. అంబాజీపేట పొట్టిక్కలూ అంతే. పనసాకులతో బుట్ట కుట్టి, అందులో ఇడ్లీ పిండి పోసి ఉడికిస్తేనే ఆ వాసన. అంటే పెరట్లో పనసచెట్టు కూడా ఆ వంటలో భాగమే. 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన హైదరాబాదీ హలీమ్ విషయంలోనూ రాగి దేగ, మట్టి భట్టీ, కట్టెల మంట తయారీలో భాగంగానే లెక్క. పొయ్యి, పాత్ర, వంటకం విడివిడిగా బతకవు.

పాత ఇంటి గురించి మాట్లాడేటప్పుడు దాని గడప గురించి కూడా మాట్లాడాలి. ఈ లోగిళ్లు భూమి ఉన్నవాళ్లవి. అరుగు దాటి లోపలికి ఎవరు రావాలో, పంక్తిలో ఎవరు కూర్చోవాలో కులం నిర్ణయించేది. పొగలో కళ్లు మండుతూ వండిన ఆడవాళ్లు అందరూ తిన్నాక, మిగిలింది తిన్నారు. ఆ చరిత్రను దాచి ఇంటిని మాత్రం అందంగా చూపడం నాకు సమ్మతం కాదు. అయితే ఇదే కారణంగా ఆ ఇల్లు భోజనశాల కావాలంటాను. మన రాజ్యాంగం 15వ అధికరణం దుకాణాలతో పాటు హోటళ్లను, భోజనశాలలను పేరెత్తి మరీ, అక్కడ కులం అడ్డు కారాదని చెప్పింది. ఒకప్పుడు వీధిలో నిలబడాల్సి వచ్చిన మనిషి మనవరాలు అదే మండువాలో మొదటి బంతిలో కూర్చుని, కొసరి వడ్డించుకుని తింటే ఆ కప్పును నిలబెట్టినందుకు అర్థం ఉంటుంది. కొత్త వంటింటికి పొగగొట్టం, గాలి, వెలుతురు కల్పించడం, వండే స్త్రీలకు తగిన జీతం ఇవ్వడం కూడా ఈ పనిలో భాగమే.

సంప్రదాయం అనగానే దివాణాలు, లోగిళ్లు మాత్రమే గుర్తుకు రావడం ఇంకో లోపం. శ్రీకాకుళం, విజయనగరం తీరంలో తాటాకు చుట్టిళ్లున్నాయి. గుండ్రటి గోడ, భూమికి దగ్గరగా దిగిన కప్పు ఉండటంతో తుపాను గాలి వాటిని పట్టి లేపలేదు. రాయలసీమలో మందపాటి గోడల మట్టి మిద్దెలున్నాయి. తెలంగాణలో నడుమ గచ్చు ఉన్న భవంతి ఇళ్లున్నాయి. చుట్టింట్లో ఎండుచేపల పులుసు, మిద్దె కింద రాగి సంగటీ ఊరిబిండీ, భవంతి వసారాలో సర్వపిండీ పచ్చిపులుసూ దొరకాలి. ఒకే హోటల్లో నాలుగు ప్రాంతాల తిండినీ పోగుచేసి పెడితే ఏ ప్రాంతమూ మిగలదు. ఏ ఊరి తిండి ఆ ఊరి ఇంట్లో దొరకాలి. దానికోసం జనం అక్కడికి వెళ్లాలి, డబ్బు ఆ ఊళ్లో ఖర్చవ్వాలి.

కట్టెల పొయ్యి, శుభ్రత, అగ్నిప్రమాదం, ఖర్చు – హోటల్ యజమానుల అభ్యంతరాలు నాకు తెలుసు. అన్నింటికీ ఇంజినీరింగ్ జవాబులున్నాయి. వంటశాలను ప్రధాన గృహానికి ఎడంగా, ఎత్తైన పొగగొట్టంతో కట్టవచ్చు. రోజువారీ కూరలకు గ్యాసు వాడి, నిప్పు మీదే పండే నాలుగైదు వంటకాలకు పిడకలు, కట్టెలు వాడవచ్చు. ఇత్తడి పాత్రలకు వేళకు కళాయి పోయిస్తే చింతపండు పులుసుకూ భయం లేదు. సున్నం పని మొదట్లో ఖరీదు అనిపిస్తుంది, కానీ సిమెంటు పూతలా కొన్నేళ్లకోసారి ఊడదు. నిజంగా కొరతగా ఉన్నది మనుషులు. గానుగ సున్నం తెలిసిన మేస్త్రీలు, కళాయి పోసేవాళ్లు, కొయ్య చెక్కేవాళ్లు ముసలివాళ్లయ్యారు. వాళ్ల పిల్లలు ఈ పనిలోకి రావాలంటే ఏడాది పొడవునా పని కనిపించాలి.

కాబట్టి రెండు తెలుగు రాష్ట్రాల పర్యాటక శాఖలకు నా విన్నపం. కొత్తగా పల్లె సెట్టింగులు కట్టడానికి స్థలాలు, రాయితీలు ఇచ్చే ముందు, జిల్లాల్లో ఇంకా నిలిచి ఉన్న ఇళ్ల జాబితా తయారుచేయండి. భోజనశాలగా మార్చడానికి ముందుకొచ్చే యజమానికి మరమ్మతు కోసం తక్కువ వడ్డీ అప్పు, ఆస్తిపన్నులో తగ్గింపు ఇవ్వండి. బదులుగా షరతులు పెట్టండి: మరమ్మతు పాత పద్ధతిలోనే జరగాలి, స్థానిక పనివాళ్లతో జరగాలి, వంటలో ఎక్కువ భాగం ఆ ప్రాంతపు పంటలతోనే ఉండాలి, వండేవాళ్లు ఆ ఊరివాళ్లై ఉండాలి. తిరుపతిలో ఇండియన్ కలినరీ ఇన్‌స్టిట్యూట్, హైదరాబాద్ విద్యానగర్‌లో హోటల్ మేనేజ్‌మెంట్ సంస్థ ఉన్నాయి. అక్కడి విద్యార్థుల్ని కొన్ని నెలలు ఈ వంటిళ్లకు పంపితే దాలి ముందు కూర్చుని నేర్చుకుంటారు.

తినేవాళ్లకూ ఒక పని ఉంది. పల్లె పేరు పెట్టుకున్న హోటల్లో కూర్చున్నప్పుడు అడగండి: ఈ స్తంభం ఏ ఊరిది, ఈ గోడ ఎవరు కట్టారు, ఈ ఉలవచారు ఏ నిప్పు మీద మరిగింది? యజమాని దగ్గర జవాబు ఉంటే ధర రెట్టింపైనా చెల్లించండి, పదిమందికి చెప్పండి. జవాబు లేకపోతే మీ డబ్బు కాగితపు ఆకుకూ ఫైబరు రోలుకూ పోతోందని తెలుసుకోండి. పది మంది అడిగితే యజమాని వింటాడు. వంద మంది అడిగితే ఆ యజమానే కలప వ్యాపారి కంటే ముందు ఊరికి వెళ్లి, ఇల్లు విప్పకుండా నిలబెట్టడం ఎలాగని మా మేస్త్రి గారి సలహా అడుగుతాడు.