పసివారి చేతికి పనిముట్లు

ఇటీవల మేమొక యున్నత పాఠశాల వార్షికోత్సవమునకు బోయియుంటిమి. అచటి యుపాధ్యాయులు మమ్ము నొక గదికి దోడ్కొనిపోయి బీరువా తెరచి చూపిరి. త్రీడీ ముద్రణయంత్రము, ఆర్డువినో పలకలు, చిన్న మోటారులు, వర్చువల్ రియాలిటీ కండ్లతొడుగు, అన్నియు గలవు. అన్నియు నట్టపెట్టెలలోనే గలవు. "పిల్లలు పాడుచేయుదురండీ" యని వారు సెలవిచ్చిరి. తనిఖీకి లెక్క యప్పగింపవలసిన వారి భయమును మేమెరుగనివారము కాము. దస్తావేజులను బీరువాలలో భద్రపరచుట మా వృత్తిలోని పనియే. కాని పనిముట్టు దస్తావేజు గాదు.

భారత ప్రభుత్వమువారు 2016లో అటల్ ఇన్నొవేషన్ మిషనును స్థాపించి, పాఠశాలకు 20 లక్షల రూపాయల వరకు నొసగుచు, దేశమున 10,000 టింకరింగ్ ప్రయోగశాలలను నెలకొల్పించిరి. 2025 బడ్జెటులో మరి 50,000 ప్రకటించిరి. ఈ ప్రజాధనము తాళమువేసి యుంచుటకు గాదు. అదియునుగాక, ఇవన్నియు నారవ తరగతి మొదలుకొని చదువువారికే. ఐదేండ్ల నుండి పదేండ్ల లోపలి పసివారి మాట యేమి? చేయి పనికి లొంగునది యా యీడుననే గదా!

ఇది మనకు గ్రొత్త మాట గాదు. 1937లో వార్ధాలో గాంధీమహాత్ముని పిలుపుపై గూడిన విద్యావేత్తలును, పిదప జాకీర్ హుస్సేను గారి యధ్యక్షతను బనిచేసిన సంఘమును, చేతిపని ద్వారముననే చదువు గరపవలెనని చెప్పిరి. అది మన బడులలో నిలువలేదు. చేతిపని బీదల బిడ్డలకు, పుస్తకము తక్కినవారికి నను దురభిమానమే దానిని జంపినదని మా నమ్మకము. మేమును నా దురభిమానములో బెరిగినవారమే. నలువది యేండ్లు దాటినను మేకు సూటిగా గొట్టలేము.

అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో బొమ్మలు చేయువారిని జూడుడు. అంకుడు కర్రను దరిమెనపై ద్రిప్పుచు రంగులక్కను దానికి నొత్తిపట్టుదురు. రాపిడి వేడికి లక్క కరగి కర్రకు బట్టుకొనును. ఆ కర్రను దాకిన బాలిక, రాపిడి వేడియగునను పాఠమును వ్రేలితో జదివినదే యగును. కండ్లతొడుగు ఆ తరిమెనను జూపగలదు గాని యా వేడిని దాకింపజాలదు.

వర్చువల్ రియాలిటీని మేము నిరసింపము. గుండె కవాటములు మూసికొనుటయు, ఇంజనులో పిస్టను కదలుటయు, చేయి చొరరాని చోట్లు. వానిని పెద్ద తరగతులవారు దానిలో జూడవలసినదే. పసివారి మాట వేరు. అందు కన్నులు దగ్గరి వస్తువునకై లోనికి దిరిగినను, దృష్టి మాత్ర మొకే దూరమున నిలువవలెను, అందుచే నలయును. కన్ను పరుగిడుచున్నామనగా, చెవిలోని తూకపు టింద్రియము కదలలేదనును, తల తిరుగును. మెటా సంస్థవారే 2023 వరకు 13 ఏండ్ల లోపువారికి దమ తొడుగును గూడదనిరి. పిదప దల్లిదండ్రుల యనుమతిపై 10కి దించిరి. అమ్మువాడే వలదన్న యీడున గొనువారికి దొందర యేల?

పసివారికి గావలసినవి స్వల్పము: చిన్న సుత్తి, స్క్రూడ్రైవరు, పట్టుకారు, మూలమట్టము, విప్పిచూచుటకొక పాత గడియారము. వారమున కొక గంట యూరి వడ్రంగికి గూలి యిచ్చి పిలువవలెను. వ్రేలికి దెబ్బ తగులునందురా? పెద్దవారు దగ్గర నిలిచినచో దగులు దెబ్బ చిన్నది. బాలురు కొట్టుచుండ బాలికలు చూచుచుండు నేర్పాటు మాత్రము వలదు.

వచ్చు శనివారము ఆ పెట్టెలు విప్పుటకు బ్రధానోపాధ్యాయులు సమ్మతించిరి. వడ్రంగిని దోడ్కొనివచ్చుట మా వంతు.