ఆహ్వానం ఆలస్యం.. కరుగుతున్న పాయింట్లు
ఆస్ట్రేలియాలో స్థిరపడాలనుకునే తెలుగు ఇంజినీర్లకు వయసే గండంగా మారుతోంది. 189 వీసాకు కనీస అర్హత 65 పాయింట్లే అయినా, అధిక పాయింట్లున్న వారికే ఆహ్వానాలు ముందుగా అందుతాయి. ఈ నిరీక్షణలో 33 ఏళ్లు నిండితే వయసు పాయింట్లు 30 నుంచి 25కు, 40 నిండితే 15కు తగ్గుతాయి. 45 నిండితే అవకాశమే ఉండదు. ఆహ్వానం అందిన నాటి వయసే ప్రామాణికం కనుక, ఆ తర్వాత పరిశీలనలో జాప్యం జరిగినా పాయింట్లు తగ్గవు.

ప్రత్యామ్నాయాలు లేకపోలేదు. అక్కడి రాష్ట్ర ప్రభుత్వం నామినేట్ చేస్తే శాశ్వత వీసా 190కి 5, తాత్కాలిక వీసా 491కి 15 పాయింట్లు కలుస్తాయి. అయితే 491తో వెళ్లేవారు సిడ్నీ, మెల్‌బోర్న్, బ్రిస్బేన్ మహానగరాల వెలుపలే ఉండాలి. శాశ్వత నివాసానికి దరఖాస్తు మూడేళ్ల తర్వాతే. పెర్త్, అడిలైడ్ నగరాలు ఈ పరిధిలో ఉండటం ఊరట. 32 దాటుతున్నవారు 189నే నమ్ముకోక, ఈ మార్గాలనూ ఇప్పుడే పరిశీలించడం శ్రేయస్కరం.