మీట నొక్కడానికి ముందు

కొత్త యంత్రం గోడకు ఎక్కిన రోజున ఇంట్లో అందరికీ తొందరే. పిల్లలు చుట్టూ మూగుతారు. బిగించిన పనివానికి మరో ఇంట పని ఉంటుంది. గృహస్థుని చేయి మీట మీదికి పోతుంది. నీళ్లు కాచే గీజరైనా, గదిని చల్లబరచే ఎయిర్ కండిషనరైనా, బిగింపులోని లోపం తొలిసారి బయటపడేది ఆ క్షణంలోనే. అందుచేత ఒక అరగంట ఓపిక పట్టడం అవసరం.

విద్యుత్ గీజరుకు ముందు నీరు, తరువాత విద్యుత్తు. చన్నీటి వాల్వు తెరచి, వేడినీటి కుళాయి విప్పి ఉంచాలి. మొదట గాలి బుసకొడుతుంది. తరువాత నీరు ఆగి ఆగి పడుతుంది. ధార ఎడతెగక వచ్చినప్పుడే ట్యాంకు నిండినట్లు. అప్పుడు కుళాయి కట్టి, అతుకుల వద్ద చెమ్మ లేదని నిర్ధారించుకొన్నాక మీట వేయాలి. ఖాళీ ట్యాంకులో విద్యుత్తు ప్రవహిస్తే, వేడిని అందుకొనే నీరు లేక లోపలి కడ్డీ మాడిపోతుంది.

నీరు కాగితే వ్యాకోచిస్తుంది. 25 లీటర్ల నీరు 20 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు చేరేసరికి దాదాపు 380 మిల్లీలీటర్లు పెరుగుతుంది. రక్షక వాల్వు నుంచి కాగేవేళ కొన్ని చుక్కలు రాలడం అందువల్లనే. అది లోపమనుకొని దాని మూతికి బిరడా కొట్టడం ట్యాంకును బాంబుగా మార్చడమే.

2000 వాట్ల గీజరు 230 వోల్టుల వద్ద సుమారు 9 ఆంపియర్లు తీసుకొంటుంది. సాధారణ 6 ఆంపియర్ల ప్లగ్గు దీనికి చాలదు. 16 ఆంపియర్ల సాకెట్టూ, సరియైన ఎర్తింగూ ఉండాలి. 30 మిల్లీ ఆంపియర్ల విద్యుత్తు పక్కదారి పట్టేసరికే సరఫరాను తెంచే ఆర్.సి.సి.బి. ఉంటే, దాని పరీక్ష బొత్తాము నొక్కి అది పనిచేస్తున్నదో లేదో చూడాలి.

గ్యాస్ గీజరుకు గాలి ప్రధానం. కిటికీలు మూసిన చిన్న స్నానాల గదిలో మంట ప్రాణవాయువును హరిస్తుంది. ఇంధనం పూర్తిగా కాలక కార్బన్ మోనాక్సైడు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్ ప్రాణవాయువు కంటె 200 రెట్లకు పైగా గట్టిగా దానిని పట్టుకొంటుంది. తలనొప్పి, వికారం, మగత ఒకదాని వెంట ఒకటి వస్తాయి. చివరకు తలుపు గడియ తీసే శక్తి సైతం ఉండదు. చలికాలంలో ఉత్తర భారతం నుంచి ఇటువంటి మరణవార్తలు వస్తూనే ఉంటాయి. కనుక ఈ గీజరు ఉండవలసిన చోటు స్నానాల గదికి వెలుపల, ధారాళంగా గాలి వీచే స్థలం. తొలిసారి వెలిగించే ముందు అతుకులకు సబ్బు నురుగు పూసి బుడగలు వస్తున్నాయేమో చూడాలి, అగ్గిపుల్లతో పరీక్షించరాదు. మంట నీలంగా ఉండాలి. పసుపు రంగుకు తిరిగితే వెంటనే ఆర్పి, నిపుణుణ్ణి పిలవాలి.

ఎయిర్ కండిషనరు సంగతి వేరు. నేడు చాలా గృహ యంత్రాలలో ఉండే ఆర్-32 వాయువు స్వల్పంగా మండే గుణం కలది. రాగి గొట్టాలలో మిగిలిన గాలినీ తేమనూ వాక్యూమ్ పంపుతో తోడివేశాకే దానిని వదలాలి. తేమ మిగిలితే కంప్రెసరు నూనెతో కలసి ఆమ్లాలు పుట్టి యంత్రాన్ని తినివేస్తాయి. ఒత్తిడితో లీకు పరీక్షించడానికి వాడవలసింది నైట్రోజన్. ఆక్సిజన్ ఆ నూనెను తాకితే పేలుడు సంభవిస్తుంది. నీరు దిగే పళ్లెంలో ఒక చెంబెడు నీళ్లు పోసి, అవి బయటికే పోతున్నాయని చూడాలి. యంత్రాన్ని ఆపిన తరువాత మూడు నిమిషాలైనా ఆగనిదే తిరిగి వేయరాదు. లోపలి ఒత్తిళ్లు సమమయ్యేందుకు ఆ వ్యవధి కావాలి. 2020 జనవరి నుంచి స్టార్ గుర్తు గల యంత్రాలు 24 డిగ్రీల వద్దనే మొదలయ్యేట్లు అమర్చాలన్న నియమం ఉంది. తొలి పరీక్షకూ అది చాలు.

ఈ పరీక్షలన్నీ పనివాడు ఇంట్లో ఉండగానే, అతని ఎదుటనే జరగాలి. అతడు వెళ్లే ముందు, గ్యాసు కట్టే వాల్వు ఎక్కడ ఉన్నదో, విద్యుత్తు ఆపే మీట ఏదో ఇంటిల్లిపాదికీ చూపించమని అడగాలి.